పిల్లలు జెండాలు మోయడానికేనా?

పిఠాపురం మనది కాదు గదా, అక్కడి ముచ్చట మనకెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. ముందే చెబుతున్నాం. మన కొట్లాట ఏనాడూ గోదావరి జిల్లాల ప్రజలతో కాదు. పాలకులతో, వాళ్ల పెత్తనంతో. ఊరి చివర పేటలో పుట్టిన పిల్లవాడి కష్టానికి సరిహద్దు రాళ్లు లేవు. పిఠాపురం గురించి రాస్తున్నామంటే మన గురించి కూడా రాస్తున్నామనే లెక్క. చివరిదాకా చదివితే ఈ సంగతి మీకే తెలుస్తుంది.

2025 ఏప్రిల్‌లో పిఠాపురం మండలం మల్లాం గ్రామంలో ఒక దళితుడు కరెంటు పని చేస్తూ షాక్ కొట్టి చనిపోయాడు. చనిపోయినవాడి కుటుంబానికి నష్టపరిహారం ఇవ్వాలని పేటవాళ్లు అడిగారు. అడగడమే నేరమైంది. తమను పనుల్లోకి పిలవొద్దని, కొట్లలో సరుకులు ఇవ్వొద్దని, హోటళ్లలో టిఫిన్ పెట్టొద్దని కట్టుబాటు చేశారంటూ దళితులు మొత్తుకున్నారు. పత్రికల్లో, టీవీల్లో వచ్చాక అధికారులు ఊళ్లోకి పరుగెత్తారు. ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడారు. ఇదంతా ఎక్కడో మారుమూల అడవిలో జరగలేదు. అప్పటి రాష్ట్ర ఉపముఖ్యమంత్రి ఎమ్మెల్యేగా గెలిచిన నియోజకవర్గంలోనే జరిగింది.

పెద్దల రాజీ పెద్దలు చేసుకున్నారు. మరి పిల్లల సంగతేమిటి? వెలివేసినవాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు, వెలికి గురైనవాళ్ల ఇళ్లలోనూ పిల్లలున్నారు. సెలవులు ముగిసి బడి తెరిచాక ఏ పిల్లవాడి పక్కన ఏ పిల్లవాడు కూర్చున్నాడు? ఏ పంతులైనా ఆ తరగతి గదిలో ‘మన ఊళ్లో ఏం జరిగింది, ఎందుకు జరిగింది?’ అని ఒక్క గంట మాట్లాడాడా? రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని నిషేధించింది. ఆ ముక్క సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉంటుంది. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. ఊళ్లో అడిగితే మాత్రం నోర్మూసుకోమంటారు. ఇదేం చదువు?

మా వాదన సూటిగా చెబుతున్నాం. హైస్కూలు పిల్లలకు సామాజిక న్యాయం పాఠంగా చెబితే చాలదు. అది వాళ్ల చేతికి పనిగా రావాలి. వాళ్ల ఊరు, వాళ్ల బడి, వాళ్ల భోజనం, వాళ్ల నీళ్ల ట్యాంకు, వాళ్ల క్లాసులోంచి మాయమైపోయిన ఆడపిల్ల: ఇవీ వాళ్లు చదవాల్సిన పాఠాలు. ఈ మాట అంటే ఉలిక్కిపడేవాళ్లు రెండు రకాలు. పిల్లలకు రాజకీయాలెందుకు అనేవాళ్లు ఒక రకం. పిల్లలను తీసుకొచ్చి ఊరేగింపు ముందు నిలబెట్టి, పని అయిపోగానే ఇంటికి తోలేవాళ్లు రెండో రకం. రెండో రకంలో మనమూ ఉన్నాం. ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం.

పిఠాపురం మరిచిన పిఠాపురం

పిఠాపురానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. వందేళ్ల కిందనే ఆ ఊరి పేరు మోసిన కాలేజీ ఈ పాఠం చెప్పింది. కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజులు గుర్తు చేసుకోండి. ఇరవయ్యో శతాబ్దం మొదటి రెండు దశాబ్దాలు. దళితుల నీడ పడితేనే స్నానం చేసే కాలం. ఆ కాలంలో దళిత విద్యార్థులను, ఆడపిల్లలను చేర్చుకుని మిగతావాళ్లతో పాటు కూర్చోబెట్టిన మనిషి ఆయన. భోగం మేళాలను బహిరంగంగా ఎదిరించాడు. అనాథ పిల్లలను చేరదీశాడు. తర్వాత 1925లో మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యాడు. ఆయనను గురువుగా భావించిన పిఠాపురం మహారాజా సూర్యారావు దళిత విద్యార్థులకు హాస్టలు పెట్టించాడు, ఉచితంగా చదివించాడు, అనాథ శరణాలయానికి డబ్బిచ్చాడు.

మేం జమీందార్ల భజన చేయడం లేదు. ఆ ధనం ఎక్కడిది? రైతుల శిస్తు నుంచి, కూలీల చెమట నుంచి వచ్చిందే. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ హాస్టలు అన్నం పెట్టి ఊరుకునే సత్రం కాదు. అక్కడ పెరిగిన పిల్లవాడు తాను ఎవరికీ తక్కువ కాదని నేర్చుకున్నాడు. పక్కన కూర్చున్న పై కులం పిల్లవాడు తాను ఎవరికీ ఎక్కువ కాదని నేర్చుకున్నాడు. ఈ రెండో పాఠం చాలా ముఖ్యం. ఇప్పుడు మన బడుల్లో లేనిది అదే. పేదల పిల్లలు ఒక బడిలో, డబ్బున్నవాళ్ల పిల్లలు ఇంకో బడిలో, వెనుకబడినవాళ్లకు ఒక గురుకులం, దళితులకు ఒక గురుకులం. ఎవరి గోడలు వాళ్లవి. పక్క పిల్లవాడే లేనప్పుడు సమానత్వం ఎవరితో నేర్చుకుంటారు?

ఇంకాస్త వెనక్కి పోదాం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఊరు ఊరంతా కత్తి కట్టింది. బంధువులు దూరమయ్యారు, పెద్దమనుషులు మొహం చాటేశారు. ఆయన పక్కన నిలబడ్డవాళ్లలో ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థులున్నారు. సంస్కరణకు మొదటి కాపలాదారులు కుర్రవాళ్లే. ఆ కుర్రవాళ్లకు అప్పుడు ‘నీ పరీక్షలు చూసుకో’ అని చెప్పి ఉంటే?

1907 కూడా చూడండి. ఆ ఏడాది ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ గోదావరి జిల్లాలో తిరిగాడు. రాజమండ్రిలో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు కోపం వచ్చింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. మే నెల చివర కాకినాడలో కెంప్ అనే తెల్ల డాక్టరు, వందేమాతరం అన్నందుకు ఒక బాలుణ్ని చావగొట్టాడు. ఆ రాత్రి జనం తెల్లవాళ్ల క్లబ్బు మీద పడ్డారు. ఒక్క కుర్రవాడి నోటి మాటకు సామ్రాజ్యం అంత భయపడింది. భయపడేవాడే కొడతాడు. పిల్లల నోరు మూయించేవాడు ఎవడైనా సరే, ఆ డాక్టరు వారసుడే.

దళితుల వైపు నుంచి చూసినా ఇదే కథ. గోదావరి లంకల్లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశాడు. పశువులు కాసుకునే పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అయిన కథ అది. ఆ నాటకం చూసి ఎందరో దళితులు పిల్లలను పాలేరు పని మాన్పించి బడికి పంపారని పెద్దలు చెబుతారు. ఒక నాటకం అంత పని చేయగలిగినప్పుడు ఒక బడి ఎంత పని చేయాలి?

మన లెక్క కూడా తేలాలి

ఇక మన వంతు. పక్కవాడి ఇంటి వైపు వేలు చూపేటప్పుడు మన ఇల్లు కూడా ఊడ్చుకోవాలి.

1952లో వరంగల్లులో విద్యార్థులే ముల్కీ ఉద్యమాన్ని లేవదీశారు. స్థానికులకు రావాల్సిన ఉద్యోగాలు దొంగ ముల్కీ సర్టిఫికెట్లతో పోతున్నాయని వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర పోలీసులు తుపాకులు పేల్చారు. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డిని వేశారు. 1969లో మళ్లీ విద్యార్థులే. జనవరిలో సదాశివపేట కాల్పుల్లో ఒక కుర్రవాడు బలయ్యాడు. ఆ ఏడాది ఎందరో పిల్లలకు చదువు ఒక సంవత్సరం వెనకపడింది. 2009 నవంబరు, డిసెంబరు నెలల్లో ఉస్మానియా, కాకతీయ క్యాంపస్‌లు మండాయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మెలో బడులు మూతపడ్డాయి. మనమే మూశాం. పిల్లలు ధూంధాంలలో ఆడారు, పాడారు, మానవహారాల్లో నిలబడ్డారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

వచ్చాక ఏం చేశాం? ‘బిడ్డా, ఇక చాలు, పోయి చదువుకో’ అన్నాం. మంచిదే. కానీ దేని కోసం రోడ్డెక్కామో ఆ ప్రశ్నను కూడా మడిచి సంచిలో పెట్టుకోమన్నాం. నీళ్లు, నిధులు, నియామకాలు అని మూడు మాటలు నేర్పాం. నాలుగో మాట నేర్పలేదు. ఆ నాలుగో మాట న్యాయం. సొంత రాష్ట్రంలో సొంత ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు కూడా ఉద్యమంలో భాగమేనని చెప్పలేదు.

దాని ఫలితం చూడండి. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులం బిడ్డ మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. చప్పట్లు కొట్టాం, ఫొటోలు దిగాం, ఫ్లెక్సీలు కట్టాం. పదేళ్ల తర్వాత 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు హైస్కూల్లో మధ్యాహ్న భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వారం తిరగకముందే అదే బడిలో మళ్లీ పిల్లలకు వాంతులు. అదే నెలలో వాంకిడి ఆశ్రమ పాఠశాలలో అస్వస్థత పాలైన గిరిజన బాలిక నిమ్స్‌లో కన్నుమూసింది. కొండెక్కిన బిడ్డను నెత్తిన పెట్టుకున్నాం. అన్నం బాగాలేదని రోడ్డెక్కిన బిడ్డలను మాత్రం ‘ఎవరు రెచ్చగొట్టారు?’ అని అడిగాం. ఆకలి కన్నా పెద్ద రెచ్చగొట్టేవాడు ఎవడుంటాడు? 1907లో తెల్లదొర అడిగిన ప్రశ్న కూడా ఇదే కాదా?

పిల్లల్ని వాడుకోవడం వేరు, పిల్లల్ని భాగస్వాములను చేయడం వేరు. వాడుకునేవాడు చేతికి జెండా ఇస్తాడు, నినాదం రాసిస్తాడు, ఎండలో నిలబెడతాడు. భాగస్వామిని చేసేవాడు మొదట అడుగుతాడు: ‘నీకేం కనబడుతోంది? నువ్వేం అనుకుంటున్నావు?’ 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో చెప్పింది ఇదే. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుంది, దాన్ని పెద్దలు లెక్కలోకి తీసుకోవాలి. 1992లో భారతదేశం దానికి కట్టుబడతానని ఒప్పుకుంది. ఒప్పుకున్న సంగతి ఎన్ని బడుల గోడల మీద రాసి ఉంది?

‘చదువు చెడుతుంది’ అనే పెద్దలకు

పిల్లలు చదువుకోవాలి, ఇవన్నీ పెద్దయ్యాక చూసుకోవచ్చు అంటారు. అయ్యా, కులం పిల్లవాడు పెద్దయ్యేదాకా ఆగుతుందా? వెలివేత మేజర్లకే వర్తిస్తుందా? పద్నాలుగేళ్ల పిల్ల మెడలో తాళి కట్టేవాడు ‘ఇంకా చదువు కాలేదు’ అని ఆగుతున్నాడా? అన్యాయం వయసు చూడదు. న్యాయానికి మాత్రం వయసు పరిమితి పెడతారా?

రాజకీయాలు వద్దంటారు. ఆరో తరగతి పిల్లవాడిని ఐఐటీ ఫౌండేషన్ అని గదిలో కుక్కి, పక్కవాడు పోటీదారుడే తప్ప దోస్తు కాదని నేర్పుతున్నారే, అది రాజకీయం కాదా? ర్యాంకు రాని పిల్లవాడు మనిషే కాదని నేర్పే చదువుకన్నా చెడ్డ రాజకీయం ఏముంది?

ఉద్యోగి మిత్రులకు ఒక మాట. 1963 మే నెలలో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి బడిపిల్లలు వేల సంఖ్యలో వీధుల్లోకి వచ్చారు. పెద్దలు బయటకొస్తే ఉద్యోగాలు ఊడతాయన్న భయం ఉన్నచోట పిల్లలు నడిచారు. వాళ్ల మీదికి కుక్కలను వదిలారు, నీటి గొట్టాలు పెట్టి కొట్టారు. ఆ ఫొటోలు చూసి లోకం సిగ్గుపడింది. 1976 జూన్ 16న దక్షిణాఫ్రికాలోని సొవెటోలో, తెల్లవాళ్ల భాషలో చదవమని రుద్దితే బడిపిల్లలు ఊరేగింపు తీశారు. వాళ్ల మీద తుపాకులు పేలాయి. ఈ కథలు వింటే మనకు ఒళ్లు పులకరిస్తుంది. కానీ మేం కోరేది అది కాదు. పిల్లల రక్తంతో పెద్దల బాకీ తీరకూడదు. పెద్దలు భయపడి ఇంట్లో కూర్చుంటేనే పిల్లలు తూటాలకు ఎదురు పోవాల్సి వస్తుంది. పెద్దలు నిలబడితే పిల్లలు నేర్చుకుంటూ నడుస్తారు. ఆత్మార్పణలు చూసి గుండె పగిలిన ఉద్యమం మనది. ఇంకొక్క బిడ్డ కూడా దేని కోసమూ చావొద్దు. బతికి అడగాలి.

మరి ఏం చేయాలి?

ఊకదంపుడు ఉపన్యాసాలు వద్దు. పిఠాపురం చుట్టుపక్కల ఒక హైస్కూలు ఉందనుకోండి. ఆ పిల్లలు ఏం చేయగలరో మేం చెబుతాం.

ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసుకుపోతోంది. ఇళ్లు పోయాయి, రోడ్డు మళ్లీ మళ్లీ కొట్టుకుపోయింది. భూగోళం పుస్తకంలో తీరం కోత గురించి చదివే పిల్లవాడి ఇల్లు ఆ కోత అంచునే ఉంది. ఆ తరగతి పిల్లలు టేపు పట్టుకుని ప్రతి నెలా ఒకే గుర్తు నుంచి ఒడ్డుదాకా దూరం కొలవలేరా? ఏడాది తర్వాత ఆ లెక్క పట్టుకుని తహసీల్దారు ముందు నిలబడలేరా? అదే విజ్ఞానశాస్త్రం, అదే పౌరశాస్త్రం.

2024 సెప్టెంబరులో ఏలేరు వరద పిఠాపురం, గొల్లప్రోలు మండలాల పొలాలను, కాలనీలను ముంచింది. ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, ఎవరి ఇల్లు ముందు మునిగింది, సాయం ఎవరికి ముందు అందింది? పిల్లలు ఇంటింటికీ తిరిగి రాసుకుంటే ఆ పల్లపు భూమి ఎప్పుడూ ఒకే కులాలవాళ్లకు ఎందుకు దక్కుతుందో లెక్కతో సహా అర్థమవుతుంది.

ఉప్పాడ జమ్‌దానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చీర నేసే మగ్గం మీద ఎన్ని రోజులు పడుతుంది, కూలి ఎంత, దుకాణంలో ధర ఎంత? మగ్గం ఉన్న ఇంటి పిల్లే క్లాసులో ఆ లెక్క బోర్డు మీద వేసి చూపాలి. లాభనష్టాల పాఠం ఇంతకంటే బాగా ఎవరు చెబుతారు?

అన్నిటికన్నా ముందు బడి లోపల. భోజనం దగ్గర ఎవరు ఎవరితో కూర్చుంటున్నారు? తరగతి గది ఊడ్చే పని, మరుగుదొడ్డి కడిగే పని ఎవరికి చెబుతున్నారు? ఏ పిల్లవాడిని పేరుతో పిలుస్తున్నారు, ఏ పిల్లవాడిని కులంతో పిలుస్తున్నారు? వారానికి ఒక్కరోజు పిల్లలే అధ్యక్షత వహించే సభ పెట్టండి. టీచర్లు వెనక బల్ల మీద కూర్చుని వినండి. నెల తిరగకుండానే బడి మారుతుంది. బడి మారితే ఊరు మారక తప్పదు.

మా డిమాండ్లు

ఇవి పిఠాపురానికీ, పాలకుర్తికీ, రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ కలిపి చెబుతున్నాం.

ఒకటి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దగ్గర ఆగిపోయింది. తొమ్మిది, పది తరగతులను కూడా దానిలోకి తేవాలి. ప్రశ్నించే వయసు మొదలయ్యే చోట హక్కు ఆగిపోవడం యాదృచ్ఛికమని మేం నమ్మం.

రెండు. బడి యాజమాన్య కమిటీ సమావేశంలో హైస్కూలు పిల్లల ప్రతినిధులు కూర్చోవాలి. అందులో సగం ఆడపిల్లలు ఉండాలి. భోజనం నాణ్యత మీద వాళ్ల సంతకం లేనిదే బిల్లు పాస్ కాకూడదు.

మూడు. ప్రతి హైస్కూలు పిల్లలూ ఏడాదికి ఒక ఊరి సమస్యను తీసుకుని, పరిశీలించి, గ్రామసభ ముందు నివేదిక పెట్టాలి. దానికి మార్కులు వేయాలి. ఆ నివేదికకు పంచాయతీ రాతపూర్వకంగా జవాబివ్వాలి.

నాలుగు. పిల్లలు ఫిర్యాదు చేసినందుకు టీసీ ఇచ్చి పంపడం, ఇంటికి కబురు పెట్టి బెదిరించడం శిక్షించదగిన నేరం కావాలి. పిల్లల పక్షాన మాట్లాడిన టీచరును బదిలీ చేయడమూ అంతే.

ఐదు. వెలివేత, కులదాడి జరిగిన ఊళ్లో శాంతి కమిటీ వేస్తే అందులో బడి కూడా ఉండాలి. పెద్దల రాజీ కాగితం మీద ఉంటుంది. పిల్లల దోస్తీ ఊళ్లో ఉంటుంది.

టీచర్ మిత్రులారా, మీరు సకల జనుల సమ్మెలో జీతం లేకుండా నిలబడ్డవాళ్లు. ఆ తెగువలో పదో వంతు చాలు ఈ పనికి. విద్యార్థి సంఘాల తమ్ముళ్లారా, మెంబర్‌షిప్ పుస్తకాలు పట్టుకుని హైస్కూళ్ల గేట్ల దగ్గర నిలబడటం కాదు. లోపలికి పోయి పిల్లలు చెప్పేది కూర్చుని వినండి. తల్లులారా, తండ్రులారా, ‘మనకెందుకు బిడ్డా’ అన్న మాటను మీ ఇంట్లోంచి వెళ్లగొట్టండి. ఆ ఒక్క మాటే అన్ని వెలివేతలకూ తల్లివేరు.

మల్లాం బడిలో ఒక పిల్లవాడు లేచి ‘సార్, 17వ అధికరణం మన ఊరికి వర్తిస్తుందా?’ అని అడగాలి. ఆ పిల్లవాడు ఏ పేటవాడైనా సరే. ఆ రోజు అక్కడి టీచరు తలదించుకోకుండా జవాబు చెప్పగలిగితే అది గోదావరి గెలుపు. అదే ప్రశ్న మన ఊరి బడిలో మన బిడ్డ అడిగినప్పుడు మనం చిరాకు పడకుండా వినగలిగితే అది మన గెలుపు. రాష్ట్రాలు గీతలు గీసుకుని వచ్చాయి. న్యాయం మాత్రం అడిగితేనే వస్తుంది. అడిగే నోళ్లను బడిలోనే తయారు చేద్దాం.